ధర్మవరం మీదుగా కదిరికి

హిందూపురం చుట్టుపక్కల ఎవరిని అడిగినా సరే, కదిరి తేరుకు నడిచిపోయే దోవ గోరంట్ల మీదనే అంటారు. ఫాల్గుణ మాసం వచ్చిందంటే ఆ రోడ్డంతా గోవిందలే. నెత్తిన సద్దిమూట, చేతిలో టెంకాయ, సంకలో బిడ్డ. అట్లాంటి దోవను వదిలిపెట్టి ధర్మవరం మీదుగా పోదామన్న మనిషి ఆ సీమలో తిమ్మప్ప ఒక్కడే.

"ముక్కు యాడుందిరా అంటే తలకాయ చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్లుండాది నీ యవ్వారం" అన్నాడు లక్ష్మీనరసయ్య శెట్టి. శెట్టికి హిందూపురం బజార్లో బెల్లం మండీ ఉంది. తిమ్మప్ప గానుగ ఆడినప్పుడల్లా బెల్లం ఆ మండీకే తోలుతాడు. అట్ల కుదిరిన స్నేహం.

మాటకు మాట అప్పగించే అలవాటు తిమ్మప్పకు లేదు. మండీ అరుగు మీద పిడికెడు చింతగింజలూ పిడికెడు శెనక్కాయలూ కుప్పపోసి, ముందు చింతగింజల్ని ఒక వరసగా పెట్టుకుంటూ పోయాడు.

"ఇది గోరంట్ల రోడ్డు. ఈ గింజలు మా దాయాదుల ఇండ్లు."

"ఇన్నా!"

"ఇంకా ఉండాయి. గింజలు సాల్లేదు."

తర్వాత ఇంకో పక్కకు తిరిగి శెనక్కాయలు పెట్టాడు. సోమందేపల్లి కాడ ఒకటి, పెనుకొండ కాడ ఒకటి, నడుమ ఒక పల్లెలో ఒకటి, ధర్మవరం కాడ కొంచెం పెద్ద కాయ ఒకటి.

"ఇవి నా పెండ్లాం తట్టు బంధువుల ఇండ్లు. ఈ పెద్దది మా వియ్యంకునిది. పొద్దుగూకేసరికి ఒక ఇంటికి చేరతాం. తిండికీ పడకకూ కొరత లేదు. ధర్మవరం నుంచి ముదిగుబ్బ మీద కదిరికి తిరుక్కుంటాం."

శెట్టి ఆ దోవ పొడుగునా చూసుకుంటూ, ఆలోచిస్తూ ఆలోచిస్తూ పెనుకొండను ఒలిచి నోట్లో వేసుకున్నాడు.

"అది మా మరదలు ఇల్లు" అన్నాడు తిమ్మప్ప, ఇంకొక కాయ తీసి అక్కడ పెట్టి.

చుట్టరికాల లెక్క ఎందుకంటే మైల కోసం. దాయాదుల్లో ఎవరు పుట్టినా పురుడు, ఎవరు పోయినా సూతకం. పది దినాలు దేవుని గడప తొక్కకూడదు, మొక్కు తీర్చకూడదు. ఒకటో రెండో ఇండ్లయితే ఎట్లనో సర్దుకోవచ్చు. తిమ్మప్ప ముత్తాత మాత్రం సంతానం కనడమే సేద్యంగా బతికిన మనిషి. ఆయన వంశం గోరంట్ల దాకా గుమ్మడితీగ మాదిరి పాకింది. ఏ నెలలో ఊరుకున్నా సరే, ఫాల్గుణం వస్తే ఆ తీగకు ఒక పిందె తగలాల, లేకుంటే ఒక పండు రాలాల.

అయితే ఒక వెసులుబాటు ఉంది. కబురు చెవిన పడితేనే మైల. పడనంతవరకు లేదు.

తిమ్మప్ప మొక్కు పాతది. బాయి తవ్వేటప్పుడు రాయి మీద రాయి తగిలి, పెండ్లాం మెడలోది కూడా కరిగిపోయాక, ఒకనాడు గుంతలో నిలబడి తలపైకెత్తి, "కదిరి నరసిమ్ముడా, నీళ్లు పడితే నీ తేరుకు నడిచి వస్తా" అన్నాడు. నీళ్లు పడినాయి. చెరకు పెట్టాడు. మొక్కు మాత్రం తీరలేదు. మొదటి ఏడు బయలుదేరే ముందురోజు ఒక పెదనాయన పోయాడు. రెండో ఏడు ఎవరికో కవలలు పుట్టినారు. మూడో ఏడు పొలిమేర దాటుతుండగా దాయాది అంజనప్ప పంచె ఎగ్గట్టి వెంటబడి పరిగెత్తుకొచ్చి, రొప్పుతూ రొప్పుతూ ఒక ముసలామె చావు చెప్పిపోయాడు. చావు కబురు మోసే విషయంలో అంజనప్పకు ఉన్న ఓపిక ఎద్దుకు కూడా ఉండదు.

ఈ ఏడు బాయిలో నీళ్లు దిగుతున్నాయి. రోజూ తెల్లవారి వంగి చూస్తాడు తిమ్మప్ప. నిన్న మునిగిన మెట్టు ఈరోజు తేలుతుంది. ఆయన పెండ్లాం ఉలిగమ్మ తేల్చి చెప్పేసింది: "ఆయప్ప ఇచ్చినాడు, ఆయప్పే తీసుకుంటాండాడు. ఈ తేరుకన్నా పోకపోతే చెరుకు పొయ్యిలోకి పనికొస్తాది." తిమ్మప్పకు కూడా లోపల అదే భయం. బాయి పోతే చెరకు పోతుంది. చెరకు పోతే ఇల్లు పోతుంది.

"సరే గానీ," అన్నాడు శెట్టి శెనక్కాయ నములుతూ, "నీ కోడలు కమలాక్షి పురిటికి ఆ ధర్మవరానికే కదా పోయిండాది? నీ కొడుకు బిడ్డ నీకు దాయాది కాదా?"

"ఆ లెక్క నేను ముందే ఏసినా. ఉగాది దాటినాకనే కాన్పు అని మంత్రసాని చెప్పింది. ఇది ఫాల్గుణం."

"కడుపులో బిడ్డకు పంచాంగం తెలుసునా?"

"మా కోడలు చెప్పిన మాట తప్పదు" అన్నాడు తిమ్మప్ప.

శెట్టికి ఈ చుట్టాల ఇండ్ల ఏర్పాటు గిట్టలేదు. అసలు ఆయన ఏటేటా బస్సులో కదిరికి పోయివచ్చే మనిషి. ఈసారి నడుస్తానని వెంటపడడానికి కారణం ఒక డేరా. యుద్ధం అయిపోయాక బెంగళూరులో మిలిటరీ సామాను వేలం వేస్తుంటే, అందరూ దుప్పట్లు కొంటుండగా ఈయన డేరా కొన్నాడు. అప్పటి నుంచి అది అటక మీద కలరా ఉండల వాసన కొడుతూ పడి ఉంది. దాన్ని వాడడానికి ఒక సందర్భం కావాల.

"డేరా మోసుకుపోతే ఎవురింటి గడపా తొక్కే పని లేదు కదప్పా. కబురు చెప్పేవాడు యాడికని వస్తాడు?"

మాట సబబే. అయినా తిమ్మప్పకు నామోషీగా తోచింది. "దోవ పొడుగునా చుట్టాలుండి, సర్కస్ వాళ్ల మాదిరి బయట గుడ్డ కట్టుకుని పండుకుంటే ఏమనుకుంటారు?"

"ముందు చూడు, తర్వాత మాట్లాడు" అన్నాడు శెట్టి. మరునాడే డేరాను బండికెత్తించి తిమ్మప్ప కళ్లంలో దింపాడు.

విప్పితే అది కళ్లమంతా పరుచుకుంది. కొయ్యలేవి, తాళ్లేవి, గూటాలేవి అని తేల్చుకోడానికే పొద్దు చాలా పోయింది. గూటాలు గట్టినేలలో దిగక వంకర పోయాయి. ఎట్లనో నడుమ కొయ్య లేపి, శెట్టి లోపలికి పోయి దాన్ని కావలించుకుని, "ఇప్పుడు తాడు లాగప్పా!" అని కేక పెట్టాడు. తిమ్మప్ప లాగాడు. ఫాల్గుణం గాలి కూడా అదే అదనుగా అందుకుంది. డేరా ఒకసారి బూరెలా ఉబ్బి, శెట్టి మీద కూలబడింది. కట్టేసిన ఎద్దులు బెదిరి పలుపులు తెంపుకున్నాయి.

ఉలిగమ్మ పేడతట్టతో అటు వస్తూ ఆగింది. గుడ్డ కింద ఏదో పాకుతోంది.

"ఏమయ్యా, లోపల ఎవురు?"

"శెట్టి."

"ఏం చేస్తాండాడు?"

"తలుపు ఎతుకుతాండాడు" అన్నాడు తిమ్మప్ప.

శెట్టి బయటపడి, ఒళ్లంతా దులుపుకుని, చెమట తుడుచుకున్నాక మళ్లీ లెక్క మొదలైంది. దీన్ని మోయడానికి ఇద్దరు మనుషులు కావాల. మనుషులు వద్దంటే ఎద్దు మీద వేయాల. ఎద్దుకు గడ్డి కావాల. గడ్డికి బండి కావాల. ఆడికి వచ్చేసరికి ఉలిగమ్మ అడ్డం తగిలింది: "బండే ఉంటే ఎక్కి కూచోకుండా నడిచేది ఎందుకు శెట్టీ?"

డేరా మళ్లీ అటకెక్కింది. దోవ శెనక్కాయల మీదుగానే ఖాయమైంది.

బయలుదేరే రోజు తిమ్మప్ప తన జాగ్రత్తలో తాను ఉన్నాడు. కొడుకు ఓబులేసును పిలిచి, "బాయి, ఎద్దులు, చెరుకు నీయి. ఇల్లు కదలొద్దు. ఎవురు పుట్టినా, ఎవురు పోయినా నా ఎంట మనిషిని అంపొద్దు" అని చెప్పాడు. "మరి నువ్వు పోతేనో నాయనా?" అన్నాడు ఓబులేసు. "నాకు చెప్పే పని ఉండదు కదరా." తెల్లవారకముందే, అంజనప్ప ఇంటి ముందర దోవ కాదని, చెరకు తోటలో పడి, తిమ్మప్ప, ఉలిగమ్మ, శెట్టి ముగ్గురూ ఊరు దాటారు. చెవుల్లో దూది ఉండలు పెట్టుకున్నాడు తిమ్మప్ప. ఎదురుగా మనిషి వస్తుంటే దూది లోపలికి నొక్కుకుంటాడు. మనిషి దాటిపోతే వదులు చేసుకుంటాడు.

సోమందేపల్లిలో ఉలిగమ్మ మేనత్త కొడుకు ఇంట్లో మొదటి రాత్రి బాగానే జరిగింది. శెట్టి తన గిన్నెలో తాను వండుకుని, తన చాప మీద తాను పండుకుని, "ఇంటికంటే సుఖంగానే ఉండాదే" అని ఒప్పుకున్నాడు. ఉలిగమ్మ కాళ్లకు మాత్రం బొబ్బలు లేచాయి. రెండో రోజు ఆమె కుంటుకుంటూ చాలా వెనకబడింది. ముందర తిమ్మప్ప, నడుమ శెట్టి.

పెనుకొండ కోట కనబడే మలుపులో, రోడ్డు పక్క రాతి మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. చేతిలో గుడ్డమూట. వీళ్లను చూడగానే లేచి, పళ్లన్నీ బయటపెట్టి చెయ్యెత్తాడు.

"తిమ్మప్ప మామా! మామా, కబురు!"

దూది వదులుగా ఉన్న సమయం. 'కబురు' అన్నది చెవిన పడింది. ఎవరు, ఏమి, ఎక్కడ అన్నది పడకముందే తిమ్మప్ప రోడ్డు దిగాడు. కోసిన జొన్నచేలో మోళ్లు గుచ్చుకుంటున్నా లెక్కచేయకుండా ఉరికి, ఎదురుగా ఉన్న గుట్టెక్కి ఒక గుండురాయి వెనక నక్కాడు. ఆ వయసులో ఆయన అట్ల ఉరకగలడని ఆయనకే తెలియదు.

శెట్టికి ఉరికే శరీరం లేదు. ఉన్నచోటనే నిలబడి దొరికిపోయాడు.

గుండు చాటు నుంచి తిమ్మప్ప చూస్తున్నాడు. మాటలు వినబడవు, మనుషులు కనబడతారు. ఆ మనిషి ఏదో చెప్పాడు. శెట్టి రెండు చేతులూ పైకెత్తాడు. మనిషి మూట విప్పాడు. శెట్టి చెయ్యి చాచాడు. తర్వాత శెట్టి నోటికి వేలడ్డం పెట్టి, గుట్ట వైపు చూపించి, ఏమేమో వివరించాడు. ఆ మనిషి కాసేపు తల గీరుకుని, నవ్వుకుంటూ రైలుస్టేషన్ తట్టు పోయాడు.

తిమ్మప్ప దిగి వచ్చాడు. శెట్టి నోరు ఆడుతోంది.

"నోట్లో ఏంది శెట్టీ?"

"ఆకువక్క."

"ఆకువక్క అయితే ఎర్రగుంటాది కదా."

"సున్నం తక్కువైంది" అని శెట్టి ముందుకు నడిచాడు. నాలుగు అడుగులు పోయాక పుట్టుకతో వచ్చిన బుద్ధి ఊరుకోక, "పాకం కొంచెం ముదిరింది" అన్నాడు తనలో తాను.

తిమ్మప్ప విన్నాడు. ఆకువక్కకు పాకం ఉండదని ఆయనకు తెలుసు. దూది లోపలికి నొక్కుకున్నాడు.

పెనుకొండలో మరదలు మునెమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది. బావ చెవుల్లో దూది, శెట్టి మూతి మీద వేలు చూసి, ఏదో చెప్పబోయిన నోరు అట్లనే మూసుకుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆయనతో అంతా సైగలే. చెంబు చూపించి కాళ్లు చూపిస్తే కడుక్కోమని. ఆకు చూపించి నోరు చూపిస్తే తినమని. ఇంతలో ఉలిగమ్మ కుంటుకుంటూ వచ్చింది. మునెమ్మ ఆమె చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. లోపల గిన్నె ఒకటి జారిపడిన చప్పుడు దూదిలో నుంచి కూడా వినబడింది.

చూడడం తిమ్మప్పకు పుట్టుకతో వచ్చిన పని. మబ్బు రంగు చూసి వాన చెబుతాడు, ఎద్దు నడక చూసి దాని కడుపునొప్పి చెబుతాడు. ఇప్పుడు మాత్రం చూడకుండా ఉండాల్సి వచ్చింది. అది కుదిరే పని కాదు.

మరునాడు దోవలో ఉలిగమ్మ అందరికంటే ముందర నడిచింది. బొబ్బలు ఏమయ్యాయో తెలియదు. తల నున్నగా దువ్వుకుని, మునెమ్మ ఇచ్చిన కనకాంబరాలు పెట్టుకుంది. 'అయితే చావు కాదు' అనుకున్నాడు తిమ్మప్ప. వెంటనే అట్ల అనుకున్నందుకు తన్ను తానే కోప్పడి, రోడ్డు పక్క తుమ్మచెట్లు చూసుకుంటూ నడిచాడు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఎండిన వంక ఒకటి తగిలింది. ఎవరో ఇసుకలో చెలమ తోడి పెట్టారు. నీడకు కూర్చున్నారు. ఉలిగమ్మ సద్దిమూట తెచ్చి, మొగుని చేతికి ఇవ్వకుండా, బారెడు దూరంలో నేల మీద పెట్టి వెనక్కి జరిగింది.

"ఏమే, ఇచ్చే చెయ్యికి ఏమైంది?"

శెట్టి వచ్చి ఆ మూట తీసి తిమ్మప్పకు అందించాడు. అది మునెమ్మ కట్టిన మూట, ముడి మునెమ్మ వేసిన ముడి. ఉలిగమ్మ పొద్దున్నుంచీ తన నీడ కూడా తాకకుండా నడుస్తున్నదని అప్పుడు తెలిసింది తిమ్మప్పకు. ఆమెకు మైల అంటింది. ఆయన మొక్కు చెడకూడదని దూరం నడుస్తోంది. ఆమెకు అంటుకునే మైల ఆయన వంశంలోదే. చావు కాదు. అంటే పురుడు. వంశంలో ఎవరికో పురుడైతే కనకాంబరాలు పెట్టుకుని, బొబ్బల కాళ్లతో ధర్మవరం తట్టు అంత బిరబిరా ఎందుకు నడుస్తుంది?

లెక్క ఆడికి వచ్చింది. తిమ్మప్ప దాన్ని ఎద్దును పగ్గం పట్టి ఆపినట్టు ఆపి నిలబెట్టాడు. తనకు ఎవరూ చెప్పలేదు. చెవిన ఏమీ పడలేదు. బాయిలో తేలిన మెట్లు ఒక్కొక్కటీ కండ్ల ముందర కనబడుతున్నాయి.

"శెట్టీ," అన్నాడు సద్ది తింటూ, "ధర్మవరంలో సత్రం ఏమన్నా ఉండాదా?"

ఉలిగమ్మ అప్పుడు నోరు తెరిచింది. "సత్రంలో మీరు పండుకోండి. నేను మా వదిన ఇంటికి పోతాండా. కాళ్లు నొప్పి."

"నొప్పి కాళ్ల నడకేనా ఇది?" అన్నాడు తిమ్మప్ప.

"నొప్పి కాబట్టే బిన్నా పోతే బిన్నా కూచుంటాం కదా!"

శెట్టి దగ్గు వచ్చినట్టు పైపంచె నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ రాత్రి నడిమి పల్లెలో తలదాచుకుని, మరునాడు ఎండ వాలేటప్పుడు ధర్మవరం చేరారు. మగ్గాల చప్పుడు వీధి వీధికీ వినబడుతోంది. ఉలిగమ్మ వెనక్కి తిరిగి చూడకుండా వియ్యంకుని వీధిలోకి మళ్లింది. సత్రానికి దోవ ఎటో శెట్టి చూపించాడు. తిమ్మప్ప అటు నాలుగు అడుగులు వేశాడు. ఆగాడు. "వియ్యంకుని ఇంటి దాకా వచ్చి మొగం చూపించకుండా పోతే మర్యాద కాదు. బయటనే నిలబడి పలకరించి వస్తా" అన్నాడు. శెట్టి ఆయన వెనకనే నడిచాడు, వేడుక తప్పిపోకుండా.

వియ్యంకుడు సంజీవప్ప వాకిట్లో నిలబడి ఉన్నాడు. గడపకు వేపమండలు గుచ్చి ఉన్నాయి. లోపలి నుంచి సాంబ్రాణి, వాము పొగ కలిసి వస్తోంది. ఇవన్నీ తిమ్మప్ప చూడలేదు. చూడలేదు కాబట్టి ఆకాశం వైపు చూశాడు.

"బాగుండావా బావా?" అన్నాడు ఆకాశంతోనే.

"బాగుండా బావా" అన్నాడు సంజీవప్ప. చెప్పాలన్న మాట ఆయన గొంతులో మిడిగుడ్లు వేసుకుని నిలబడి ఉంది. పెనుకొండ నుంచి రైలులో పోయిన మనిషి తిరిగి వచ్చి అంతా చెప్పాడేమో, పెదవులు బిగబట్టుకున్నాడు.

ఆయన వెనక నుంచి ఇంకొక మనిషి బయటికి వచ్చాడు. బాయి దగ్గర, ఎద్దుల దగ్గర, చెరకు దగ్గర ఉండాల్సిన ఓబులేసు.

"ఏమిరా, నువ్వు ఈడుండావే?"

"ఊరికెనే నాయనా."

"ఎట్లొస్తివి?"

"రైల్లో."

"బాయి కాడ ఎవురుండారు?"

"అంజనప్ప చిన్నాయన." అని, ఇంకేమి చెబితే ఏమి తప్పో తెలియక ఓబులేసు తన కాలి బొటనవేలు చూసుకుంటూ నిలబడ్డాడు. మూతి మాత్రం వాని మాట వినడంలేదు. రెండు పక్కలకూ సాగిపోతోంది.

అప్పుడు లోపలి నుంచి ఏడుపు వినబడింది. సన్నగా మొదలై, తెగి, మళ్లీ గట్టిగా. తిమ్మప్ప చెయ్యి చెవి దగ్గరికి పోయింది. దూది లేదు. ఎప్పుడు పారేశాడో, ఆయనకే గుర్తు లేదు.

'పక్కింటి బిడ్డ కావచ్చు' అనుకున్నాడు. ఏడుపు కబురు కాదు. కబురంటే ఒక మనిషి నోటితో ఇంకొక మనిషికి చెప్పాల. వెనక్కి తిరిగాడు. వీధి మొగదాకా నడిచాడు. ఎవరూ ఆపలేదు. మొగలో కదిరికి పోయే జనం గుంపొకటి గోవింద కొడుతూ దాటిపోతోంది. అందులో కలిసిపోతే చాలు. ఇంకో మూడు దినాలకు తేరు. మొక్కు తీరుతుంది, నీళ్లు నిలుస్తాయి. గుంపు దాటిపోయింది. తిమ్మప్ప అక్కడే నిలబడి ఉన్నాడు. బిడ్డ ఏడుపు ఇంకా ఆగలేదు. ఆకలికా, కడుపునొప్పికా? ఆ గొంతులో బొంగురు ఎక్కడో విన్నట్టుంది. తన తల్లి కోపం వస్తే అట్లనే మొదలుపెట్టేది, సన్నగా, తెంచి తెంచి.

గబగబా వెనక్కి వచ్చి గడప ముందర నిలబడ్డాడు.

"బిడ్డ ఎవురి పోలికరా?"

"అడిగేసినాడు!" అని లోపలి నుంచి ఉలిగమ్మ కేక పెట్టింది. "ఎవురూ చెప్పలేదు, ఆయన నోటితో ఆయనే అడిగినాడు!"

ఇక చెరువు కట్ట తెగినట్టయింది. ఆడబిడ్డ అని ఒకరు. ముక్కు నీదే నాయనా అని ఒకరు. కాదు, మా అమ్మ ముక్కు అని సంజీవప్ప. మీరు సోమందేపల్లిలో ఉన్న రోజే కనింది, నెల ముందుగా, తల్లీబిడ్డా సుఖంగా ఉన్నారు అని వియ్యపురాలు. నాకు పెనుకొండలోనే తెలుసు, అక్కడి నుంచి కడుపు ఉబ్బిపోయి చస్తాండా అని ఉలిగమ్మ. ఆ రోజు నోట్లో బెల్లమే అని శెట్టి. అందరిదీ అయిపోయిందనుకుంటే ఓబులేసు దగ్గర ఇంకొకటి మిగిలి ఉంది.

"ఇంగొక మాట నాయనా. మీరు ఊరు దాటిన పొద్దుటికే అంజనప్ప చిన్నాయన కోడలు కూడా కనింది. మగబిడ్డ. చిన్నాయన మీ ఎంటబడతానంటే బాయి కాడ కాపలా పెట్టొచ్చినా."

"అంటే మొదట్నుంచి మైలలోనే నడిచినామా?" అన్నాడు తిమ్మప్ప.

"నీకు తెలీదు కదప్పా. తెలీనంతవరకు మైల లేదు" అన్నాడు శెట్టి. "ఇప్పుడు తెలిసింది. కొంచెం దూరం జరుగు. నా టెంకాయకు తగులుతాది."

తిమ్మప్ప నెత్తి మీది మూట దింపి గడప పక్కన పెట్టాడు. లోపలికి పోతే ఉలిగమ్మ బిడ్డను తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. చూశాడు. ఎవరి ముక్కో అప్పుడే చెప్పడం కష్టం. చాలాసేపు చూశాడు.

పొద్దున శెట్టి ఒక్కడే కదిరికి బయలుదేరాడు. తన చాప, తన గిన్నె, తన టెంకాయ. దోవలో పండుకోడానికి సంజీవప్ప బంధువుల ఇండ్లే చెప్పించుకున్నాడు.

"సామికి ఏమని చెప్పమంటావప్పా?"

"నువ్వేమీ చెప్పొద్దు. చెప్పేవాళ్లు ఎక్కువైపోయినారు నాకు."

పురుడు ఇంట్లో మగవాళ్లకు పనేమీ ఉండదు. బిడ్డకు నీళ్లు కావాలంటే తిమ్మప్ప బొక్కెన తీసుకుని దొడ్లోకి పోయాడు. అలవాటు కొద్దీ బాయిలోకి వంగి చూశాడు. నీళ్లు ఎక్కడో అడుగున, అరచేతి మందాన మెరుస్తున్నాయి. తన బాయిలో ఇంతకంటే ఎక్కువే ఉన్నాయి.

"బావా," అన్నాడు మెల్లగా, వెనక వచ్చి నిలబడ్డ సంజీవప్పతో, "నువ్వు కూడా ఏమన్నా మొక్కుకుని తీర్చలేదా?"

"నేనేం మొక్కుకోలే బావా."

"మరి నీళ్లు ఇంత లోతుకు పోయినాయే?"

"ఎండాకాలం కదా" అన్నాడు సంజీవప్ప, వేపపుల్ల నములుతూ. "ప్రతి ఏడూ పోతాయి. వాన పడితే వస్తాయి."

ఇన్నేండ్లలో ఇంకొకరి బాయిలోకి తొంగి చూడాలని ఎందుకు తోచలేదో తిమ్మప్పకే తెలియలేదు. అయినా మొక్కు మొక్కే. దాన్ని ఎండాకాలం మీదికి తోసేయడానికి లేదు. వచ్చే ఏటికి దోవ ఎట్ల పోవాలో ఆలోచించబోయాడు. ఇప్పుడు మనవరాలితో ధర్మవరం కూడా చింతగింజే అయిపోయింది.

"నీళ్లు ఏమైనాయి? బిడ్డ ఏడుస్తాంది" అని ఉలిగమ్మ లోపలి నుంచి అరిచింది.

"తెస్తాండా" అని బొక్కెన వదిలాడు. అది చాలాసేపు దిగింది.